ఘనానికి సౌష్ఠవాలు 24 ఉన్నాయా, 48 ఉన్నాయా? క్రమ బహుముఖులు అయిదే ఎందుకు?

కందుకూరు నుంచి డిగ్రీ రెండో సంవత్సరం గణిత విద్యార్థి పంపిన ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు ఉన్నాయి. క్రమ బహుముఖులు అయిదే అని చెప్పడానికి బడిలో చూపించే కోణాల వాదన సంపూర్ణమేనా అన్నది మొదటిది. ఘనానికి సౌష్ఠవాలు 24 అని ఒక పుస్తకంలోనూ, 48 అని మరొక పుస్తకంలోనూ ఉంటే ఏది నమ్మాలి అన్నది రెండోది. ద్వాదశముఖికీ వింశతిముఖికీ చూపులో పోలికే లేకపోయినా రెండింటి భ్రమణ సమూహమూ (తిప్పాక ఆకృతి తన స్థానంలోనే కూర్చునే భ్రమణాలన్నీ కలిసినది) ఒకటే ఎలా అయింది, అది అయిదు వస్తువుల సరి ప్రస్తారాల (సరి సంఖ్యలో జంట మార్పిడులతో వచ్చే వరుస మార్పుల) సమూహమని ఎలా తెలుస్తుంది అన్నది మూడోది. ఒంగోలులో డిగ్రీ తరగతులకు చాలాకాలంగా సమూహ సిద్ధాంతం చెబుతున్న అనుభవంతో నేను చెప్పగలిగేది ఏమిటంటే, ఈ మూడు ప్రశ్నలకూ మూలం ఒక్కటే: క్రమత్వం అంటే ఏమిటో మన నిర్వచనంలో స్పష్టంగా లేదు. అది స్పష్టం చేసుకుంటే మిగిలినవన్నీ లెక్కలుగా తేలిపోతాయి.

జవాబు పత్రాల్లో చాలామంది "అన్ని ముఖాలూ సర్వసమానమైన క్రమ బహుభుజులైతే అది క్రమ బహుముఖి" అని రాస్తారు. ఈ నిర్వచనం చాలదు. రెండు క్రమ చతుర్ముఖులను ముఖానికి ముఖం ఆనించి అతికిస్తే ఆరు సమబాహు త్రిభుజాలు గల కుంభాకార (ఎక్కడా లోపలికి గుంట లేని) ఆకృతి వస్తుంది. దాని ముఖాలన్నీ సర్వసమానాలే, అన్నీ క్రమమైనవే. కాని పై కొన దగ్గరా కింది కొన దగ్గరా మూడేసి త్రిభుజాలు కలుస్తాయి; నడుమ ఉన్న మూడు శీర్షాల దగ్గర నాలుగేసి కలుస్తాయి. దీనిని క్రమమైనదని ఎవరూ అనరు. పక్కపక్క ముఖాలు ఒకే తలంలో పడకూడదన్న షరతుతో, కేవలం సమబాహు త్రిభుజాలే ముఖాలుగా గల కుంభాకార బహుముఖులు మొత్తం ఎనిమిది ఉన్నాయని ఫ్రాయిడెంటాల్, వాన్ డెర్ వేర్డెన్ 1947లో చూపించారు. వాటిలో క్రమమైనవి చతుర్ముఖి, అష్టముఖి, వింశతిముఖి, అంతే. కాబట్టి "ప్రతి శీర్షం దగ్గరా సమాన సంఖ్యలో ముఖాలు కలవాలి" అన్న రెండో షరతు తప్పనిసరి.

దీనికంటే లోతైన నిర్వచనం ఒకటి ఉంది. మీ స్థాయిలో దానినే వాడమని నా సలహా. బహుముఖి మీద ఒక శీర్షాన్ని, ఆ శీర్షం గుండా పోయే ఒక అంచును, ఆ అంచు గల ఒక ముఖాన్ని ఎంచుకోండి. ఈ మూడింటి కూడికను ధ్వజం అందాం. ప్రతి అంచుకూ రెండు కొనలు ఉన్నాయి, అటూ ఇటూ రెండు ముఖాలు ఉన్నాయి. అంటే ఒక్కో అంచు మీద నాలుగు ధ్వజాలు. అందువల్ల ఏ బహుముఖికైనా ధ్వజాల సంఖ్య అంచుల సంఖ్యకు నాలుగు రెట్లు. ఇప్పుడు ఆ బహుముఖిని తన స్థానంలోనే తిరిగి కూర్చోబెట్టే ఒక సౌష్ఠవం ఏదైనా తీసుకోండి; అది భ్రమణం కావచ్చు, అద్దంలో ప్రతిబింబం కావచ్చు. అది ఒక ధ్వజాన్ని కదల్చకపోతే ఆ శీర్షమూ, ఆ అంచు మధ్యబిందువూ, ఆ ముఖపు కేంద్రమూ, మొత్తం ఆకృతి కేంద్రమూ కదలవు. ఈ నాలుగు బిందువులూ ఒకే తలంలో ఉండవు కాబట్టి అంతరాళమే కదలదు; అది తత్సమ పరివర్తనమే. ఒక ధ్వజం ఎక్కడికి పోయిందో తెలిస్తే ఆ సౌష్ఠవం పూర్తిగా తెలిసిపోయినట్టే. దీనినుంచి సౌష్ఠవాల సంఖ్య ధ్వజాల సంఖ్యను ఎప్పటికీ మించదని తేలుతుంది. ఆ రెండు సంఖ్యలూ సమానమైన బహుముఖినే, అంటే ఏ ధ్వజాన్నైనా మరే ధ్వజం మీదికైనా తీసుకుపోగల సౌష్ఠవం ఉన్నదానినే క్రమ బహుముఖి అంటాం.

ఈ నిర్వచనంలో నాకు నచ్చేది, ఇది ఒక కొలతను కూడా ఇవ్వడం. ధ్వజాల సంఖ్యను సౌష్ఠవాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది పూర్ణాంకం. అది ఒకటైతే ఆకృతి క్రమమైనది, పెరిగేకొద్దీ క్రమత్వానికి దూరమైనది. పైన చెప్పిన ఆరు త్రిభుజాల ఆకృతికి అంచులు 9, ధ్వజాలు 36, సౌష్ఠవాలు 12, భాగఫలం 3.

మన నేల నుంచే ఒక ఉదాహరణ చెప్పవచ్చు. నెల్లూరు జిల్లా సైదాపురం, రాపూరు ప్రాంతం అభ్రకానికి పేరు మోసింది. అక్కడి అభ్రకపు పొరల శిలల్లో ముదురు ఎరుపు గార్నెట్ స్ఫటికాలు కూడా ఉంటాయి. చక్కగా పెరిగిన గార్నెట్ స్ఫటికానికి పన్నెండు ముఖాలు ఉండటం సాధారణం. పన్నెండు అనగానే ద్వాదశముఖి అనుకోకూడదు. దాని ముఖాలు పంచభుజులు కావు, సమచతుర్భుజాలు. ఆ చతుర్భుజపు కర్ణాల నిష్పత్తి √2. అంచులు 24, శీర్షాలు 14; వాటిలో ఎనిమిదింటి దగ్గర మూడేసి ముఖాలు, ఆరింటి దగ్గర నాలుగేసి ముఖాలు కలుస్తాయి. ధ్వజాలు 96, సౌష్ఠవాలు 48, భాగఫలం 2. దాని సౌష్ఠవాలన్నీ ఘనానివే. ఎనిమిది మూడేసి కొనలు ఒక ఘనపు మూలల్లోనే ఉంటాయి; ఆ ఘనపు ప్రతి ముఖం మీదా తగిన ఎత్తున్న చదరపు పిరమిడ్ నిలబెడితే, పక్కపక్క పిరమిడ్ల త్రిభుజాలు జంటగా ఒకే తలంలో పడి గార్నెట్ ఆకారం వస్తుంది. ఇక ఇనుప గంధకిద ఖనిజమైన పైరైట్ ఒక్కోసారి నిజంగానే పన్నెండు పంచభుజుల ముఖాలతో పెరుగుతుంది. చూసినవారు క్రమ ద్వాదశముఖి అనే అంటారు. కాని ఆ పంచభుజిలో నాలుగు భుజాలు సమానం, అయిదోది వేరు. అంచులు 30, ధ్వజాలు 120, సౌష్ఠవాలు 24, భాగఫలం 5.

పైరైట్ క్రమ ద్వాదశముఖిగా ఎందుకు పెరగలేదో కూడా రెండు ముక్కల్లో చెప్పవచ్చు. స్ఫటికంలో అణువుల అమరిక ఒక కనీస దూరంతో పదేపదే తిరిగి వస్తుంది. ఆ అమరికకు 72 డిగ్రీల భ్రమణ సౌష్ఠవం ఉందనుకుంటే, అక్షానికి లంబంగా ఉన్న అతి చిన్న స్థానాంతర సదిశను, అంటే అమరికను తన మీదికే జరిపే జరుగుదలను, 144 డిగ్రీలు తిప్పి వచ్చినదీ స్థానాంతరమే అవుతుంది, ఆ రెండింటి మొత్తమూ స్థానాంతరమే అవుతుంది. ఆ మొత్తం పొడవు అసలు పొడవులో 0.618 వంతు మాత్రమే. అతి చిన్నదానికంటే చిన్నది ఉండటం అసంభవం. అందుకే పదేపదే తిరిగివచ్చే అమరికలో అయిదు మడతల అక్షానికి చోటు లేదు. 1982లో డాన్ షెక్ట్‌మన్ అల్యూమినియం, మాంగనీస్ మిశ్రమలోహంలో వింశతిముఖి సౌష్ఠవాన్ని చూపే వివర్తన చిత్రాన్ని గమనించినప్పుడు కూడా ఈ నిరూపణ తప్పు కాలేదు. ఆ పదార్థంలోని అమరికకు క్రమం ఉంది, పునరావృతి లేదు. ఆ పనికి ఆయనకు 2011 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. కోణాల వాదన మీకు తెలిసినదే. కుంభాకార బహుముఖి శీర్షం దగ్గర కనీసం మూడు ముఖాలు కలవాలి, అక్కడి ముఖకోణాల మొత్తం 360 డిగ్రీలకు తక్కువ ఉండాలి. సమబాహు త్రిభుజాలు మూడైతే 180, నాలుగైతే 240, అయిదైతే 300. చదరాలు మూడైతే 270. క్రమ పంచభుజులు మూడైతే 324. షడ్భుజులు మూడు కలిస్తే సరిగ్గా 360 వచ్చి చదునైపోతుంది. ఈ వాదనలో తప్పేమీ లేదు. కాని ఇది చెప్పేది అయిదుకు మించి రకాలు ఉండవని మాత్రమే. ఆ అయిదూ ఉన్నాయని చెప్పదు. ఒక శీర్షం చుట్టూ అయిదు త్రిభుజాలు పేర్చగలిగినంత మాత్రాన, అలాగే పేర్చుకుంటూ పోతే చివరి అంచు మొదటి అంచుతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలుస్తుందన్న హామీ ఎక్కడుంది? యూక్లిడ్‌కు ఈ సంగతి బాగా తెలుసు. ఆయన తన పదమూడో సంపుటంలో 13 నుంచి 17 వరకు ఉన్న ప్రతిపాదనలలో అయిదింటినీ ఒక్కొక్కటిగా గోళంలో నిర్మించి చూపించి, 18వ ప్రతిపాదనలో వాటి అంచులను పోల్చి, ఆ తరువాతే కోణాల వాదనతో ఇంకేవీ లేవని ముగించాడు. మన పాఠ్యపుస్తకాలు చివరి పేరా ఉంచుకుని ముందున్న అయిదు నిర్మాణాలనూ వదిలేశాయి. వదిలేసినదే కష్టమైన భాగం, అందమైన భాగం కూడా.

వింశతిముఖి విషయంలో ఆ నిర్మాణం ఈనాటి నిరూపకాలతో కాసేపట్లో అయిపోతుంది. స్వర్ణ నిష్పత్తిని ఫై అందాం; అది (1 + √5)/2, దాని ముఖ్య గుణం ఫై² = ఫై + 1. మొదటి నిరూపకం 0, రెండోది ±1, మూడోది ±ఫై గల నాలుగు బిందువులు తీసుకోండి. నిరూపకాలను చక్రీయంగా జరిపితే మరో నాలుగు, మరోసారి జరిపితే ఇంకో నాలుగు, మొత్తం 12 బిందువులు వస్తాయి. ఒకదానికొకటి లంబంగా గుచ్చుకుని ఉన్న మూడు దీర్ఘచతురస్రాల మూలలివి. (0, 1, ఫై), (0, −1, ఫై) బిందువుల మధ్య దూరం 2. (0, 1, ఫై), (1, ఫై, 0) బిందువుల మధ్య దూరపు వర్గం 1 + (ఫై − 1)² + ఫై². దీనిని విస్తరిస్తే 2 + 2(ఫై² − ఫై), అంటే 2 + 2 = 4. దూరం మళ్లీ 2. ప్రతి బిందువుకూ సరిగ్గా అయిదు పొరుగు బిందువులు 2 దూరంలో ఉన్నాయని మీరే సరిచూసుకోండి. ఇరవై సమబాహు త్రిభుజాలు కళ్లముందు నిలుస్తాయి. ఫై² = ఫై + 1 అన్న ఒక్క సమీకరణమే చివరి అంచును మొదటి అంచుతో కలిపింది.

ఒక్కో రకానికి ఒక్క ఆకృతే ఉంటుందా అన్నది మరో మెట్టు. తరగతిలో అగ్గిపుల్లలనూ, చిన్న ముక్కలుగా కోసిన సైకిల్ వాల్వు ట్యూబునూ ఇచ్చి ఈ అయిదింటినీ కట్టిస్తుంటాను. చతుర్ముఖి, అష్టముఖి, వింశతిముఖి చేతిలో బిగుతుగా నిలబడతాయి. ఘనమూ ద్వాదశముఖీ వాలిపోతాయి. పుల్లల చట్రంలో చదరం తన కోణాలను తాను కాపాడుకోలేదు, త్రిభుజం కాపాడుకోగలదు. ముఖాలను అట్టతో బిగించి కడితే అయిదూ కదలవు. ముఖాల ఆకారాలూ అవి కలిసే తీరూ నిర్ణయమైతే కుంభాకార బహుముఖి ఆకారం పూర్తిగా నిర్ణయమవుతుందని కోషీ 1813లో ప్రచురించిన సిద్ధాంతం. దానితో అయిదు రకాలకూ అయిదు ఆకృతులే అన్న మాట పూర్తవుతుంది. కుంభాకారం అన్న షరతు తీసేస్తే కెప్లర్ 1619లో ప్రచురించిన రెండూ, 1809లో పోయిన్సో చేర్చిన రెండూ కలిపి నాలుగు నక్షత్ర బహుముఖులు వస్తాయి. వాటికి కూడా అంచులు ముప్ఫయ్యే, సౌష్ఠవాలు నూట ఇరవయ్యే. ధ్వజాల నిర్వచనం ప్రకారం అవీ క్రమమైనవే.

రెండో ప్రశ్నకు జవాబు: రెండు పుస్తకాలూ సరైనవే. ఘనానికి అంచులు 12 కాబట్టి సౌష్ఠవాలు 48. వాటిలో సగం, అంటే 24, భ్రమణాలు. మిగతా సగం ఎడమను కుడిగా మార్చేవి. చేత్తో వస్తువును తిప్పి చేయగలిగినవి భ్రమణాలు మాత్రమే. సమూహ సిద్ధాంతం పుస్తకాలు సాధారణంగా భ్రమణాలను లెక్కిస్తాయి, స్ఫటికశాస్త్రం పుస్తకాలు అన్నింటినీ లెక్కిస్తాయి. మీరు జవాబు రాసేటప్పుడు ఏది లెక్కిస్తున్నారో మొదటి వాక్యంలోనే చెప్పండి.

ఈ తేడా కంటికి కనబడాలంటే వైకుంఠపాళి ఆటలోని పాచికను తీసుకోండి. ఎదురెదురు ముఖాల మొత్తం 7 రావాలన్న నియమంతో ఒక ఘనం మీద అంకెలు ఎన్ని విధాలుగా వేయవచ్చు? 1ని ఆరు చోట్ల వేయవచ్చు, దానితో 6 స్థానం ఖాయం, 2కు నాలుగు చోట్లు మిగులుతాయి, దానితో 5 ఖాయం, 3కు రెండు. మొత్తం 6 × 4 × 2 = 48. వీటిలో తిప్పితే ఒకటిగా కనబడేవాటిని ఒకటిగా లెక్కిస్తే 48 ÷ 24 = 2. అంటే పాచికలు రెండే రకాలు. 1, 2, 3 అంకెలు కలిసే మూలను మీవైపు పెట్టుకుని చూస్తే ఒక రకంలో 1 నుంచి 2, 3లకు పోయే దిశ గడియారపు ముల్లు తిరిగే వైపు ఉంటుంది, మరొక రకంలో దానికి ఎదురు ఉంటుంది. ఎంత తిప్పినా ఒకటి మరొకటి కాదు. అద్దంలో పెడితే అవుతుంది. 24కూ 48కీ మధ్య ఉన్న తేడా అంతా ఆ అద్దమే. ఇదే పద్ధతిలో ఆరు ముఖాలకూ ఆరు వేర్వేరు రంగులు వేస్తే వచ్చే వేర్వేరు ఘనాలు 720 ÷ 24 = 30.

24 భ్రమణాలను అక్షాలవారీగా విడదీయడం మీరు తప్పక చేయవలసిన పని. ఎదురెదురు ముఖాల కేంద్రాలను కలిపే అక్షాలు 3. ఒక్కోదాని చుట్టూ 90, 180, 270 డిగ్రీల భ్రమణాలు, మొత్తం 9. ఎదురెదురు శీర్షాలను కలిపే అక్షాలు 4. 120, 240 డిగ్రీలు, మొత్తం 8. ఎదురెదురు అంచుల మధ్యబిందువులను కలిపే అక్షాలు 6. 180 డిగ్రీలు మాత్రమే, మొత్తం 6. తత్సమాన్ని కలిపితే 9 + 8 + 6 + 1 = 24. ఘనపు నాలుగు పెద్ద కర్ణాలను ఈ భ్రమణాలు ఎలా మారుస్తాయో చూడండి. 90 డిగ్రీలది నాలుగింటినీ చక్రంలా తిప్పుతుంది; ముఖాక్షం మీది 180 డిగ్రీలది వాటిని రెండు జంటలుగా తారుమారు చేస్తుంది; శీర్షాక్షం మీదిది ఒక కర్ణాన్ని ఉంచి మూడింటిని తిప్పుతుంది; అంచుల అక్షం మీదిది రెండు కర్ణాలను మాత్రమే తారుమారు చేస్తుంది. తత్సమం తప్ప ఏదీ నాలుగు కర్ణాలనూ కదల్చకుండా ఉండదు. కాబట్టి 24 భ్రమణాలూ 24 వేర్వేరు ప్రస్తారాలను ఇస్తాయి. నాలుగు వస్తువుల ప్రస్తారాలు కూడా సరిగ్గా 24. భ్రమణ సమూహం నాలుగు వస్తువుల పూర్తి ప్రస్తార సమూహానికి తుల్యరూపం, అంటే నిర్మాణంలో రెండూ ఒకటే.

ఇక్కడ ఒక అద్భుతమైన సమీకరణాన్ని చెప్పకుండా ముందుకు పోలేను. భ్రమణాక్షాలు గోళాన్ని తాకే చోట్లను ధ్రువాలు అందాం. మొత్తం భ్రమణాలు భ అయితే తత్సమం కాని ప్రతి భ్రమణానికీ రెండు ధ్రువాలు, కాబట్టి భ్రమణ–ధ్రువ జంటలు 2(భ − 1). అవే జంటలను ధ్రువాల వైపు నుంచి లెక్కిద్దాం. ఘనానికి ముఖకేంద్రాల వైపు ధ్రువాలు 6, ఒక్కోదానికి 3 భ్రమణాలు. శీర్షాల వైపు 8, ఒక్కోదానికి 2. అంచుల వైపు 12, ఒక్కోదానికి 1. 18 + 16 + 12 = 46, అది 2 × 23. వింశతిముఖికి శీర్షాల వైపు 12 × 4, ముఖాల వైపు 20 × 2, అంచుల వైపు 30 × 1; 48 + 40 + 30 = 118, అది 2 × 59. ఇప్పుడు సాధారణంగా రాద్దాం. ముఖానికి ప భుజాలు, శీర్షం దగ్గర క ముఖాలు ఉంటే మూడు రకాల ధ్రువాలు వరుసగా భ/ప, భ/క, భ/2 ఉంటాయి. లెక్క సరిచేస్తే

1/ప + 1/క + 1/2 = 1 + 2/భ

వస్తుంది. ఇంకొక దారిలో చూడండి. శీర్షాలు − అంచులు + ముఖాలు = 2 అన్న ఆయిలర్ సూత్రంలో, అంచులు అ అయితే, ముఖాలు 2అ/ప, శీర్షాలు 2అ/క అని ప్రతిక్షేపిస్తే

1/ప + 1/క = 1/2 + 1/అ

వస్తుంది. ధ్వజాల లెక్క ప్రకారం భ = 2అ. పెట్టి చూస్తే రెండూ ఒకే సమీకరణం. మొదటిదానిలో ఆయిలర్ సూత్రం ఊసే లేదు, రెండోదానిలో భ్రమణాల ఊసే లేదు. ఆకృతి ఎలా అల్లుకుని ఉందో చెప్పే లెక్కా, అది ఎలా కదలగలదో చెప్పే లెక్కా ఒకచోటే కలిశాయి. ప, క రెండూ కనీసం 3 అయి, ఎడమవైపు 1/2ను మించాలంటే (3, 3), (4, 3), (3, 4), (5, 3), (3, 5) తప్ప గతి లేదు. అ విలువలు వరుసగా 6, 12, 12, 30, 30. బడిలోని కోణాల వాదనకు ఇది మూడో రూపం. నా దృష్టిలో మూడింటిలోకీ బలమైనది ధ్రువాల లెక్కే, ఎందుకంటే అది బహుముఖులనే కాదు, అంతరాళంలో పరిమిత భ్రమణ సమూహాలన్నింటినీ పట్టి ఇస్తుంది.

సమీకరణంలో ప, క లకు సమాన హోదా ఉంది. అటుదిటు చేసినా మారదు. మీ మూడో ప్రశ్నలోని మొదటి సగానికి జవాబు అదే. చీమకుర్తి గ్రానైటు దిమ్మెను కచ్చితమైన ఘనంగా కోసి, ఎనిమిది మూలలనూ ఒకే లోతున చెక్కుకుంటూ పోయామనుకోండి. మొదట మూలల దగ్గర ఎనిమిది చిన్న త్రిభుజాలు పుడతాయి. చెక్కుడు అంచుల మధ్యకు చేరేసరికి పాత ముఖాలు ఆరు చిన్న చదరాలుగా మిగులుతాయి. ఇంకా లోపలికి పోతే ఆ చదరాలు కుంచించుకుపోయి ఒక్కొక్క బిందువైపోయి, ఎనిమిది త్రిభుజాల అష్టముఖి మిగులుతుంది. ఎనిమిది మూలలనూ సమానంగా చెక్కాం కాబట్టి ఏ దశలోనూ ఒక్క సౌష్ఠవం కూడా పోలేదు, కొత్తది రాలేదు. ఘనపు ముఖకేంద్రాలే అష్టముఖి శీర్షాలు. ద్వాదశముఖి ఇరవై మూలలనూ అలాగే చెక్కితే వింశతిముఖి వస్తుంది. చతుర్ముఖిని చెక్కితే తలకిందులైన చతుర్ముఖే వస్తుంది.

మిగిలినది 60 భ్రమణాల సమూహం ఏమిటన్నది. ద్వాదశముఖి అక్షాలు: ముఖకేంద్రాల వైపు 6, ఒక్కోదానికి 4 భ్రమణాలు, 24, శీర్షాల వైపు 10, ఒక్కోదానికి 2, 20, అంచుల వైపు 15, ఒక్కోదానికి 1, 15, తత్సమంతో 60. ఇప్పుడు ఒక పంచభుజ ముఖం మీద ఏదైనా ఒక కర్ణం గీయండి. ప్రతి ముఖం మీదా ఒక్కొక్కటి చొప్పున తగిన కర్ణాలను ఎంచుకుంటే పన్నెండు కర్ణాలూ కలిసి ఒక ఘనపు పన్నెండు అంచులు అవుతాయి. ఆ ఘనపు ఎనిమిది మూలలూ ద్వాదశముఖి శీర్షాలే. మొదటి ముఖం మీద అయిదు కర్ణాలు ఉన్నాయి కాబట్టి ఇలాంటి ఘనాలు అయిదు. అయిదు ఘనాల మూలలు కలిపి 40, శీర్షాలు 20, కాబట్టి ఒక్కో శీర్షం రెండేసి ఘనాలలో ఉంటుంది. రంగు దారాలతో ఒక్కో ఘనాన్ని ఒక్కో రంగులో అట్ట నమూనా మీద అతికించి చూడండి. ఎంత వర్ణించినా ఆ చూపుకు సాటి రాదు.

భ్రమణాలు ఈ అయిదు ఘనాలను ఏం చేస్తాయి? 72 డిగ్రీల భ్రమణం ముఖం మీది అయిదు కర్ణాలనూ తిప్పుతుంది, కాబట్టి అయిదు ఘనాలనూ చక్రంలా తిప్పుతుంది. శీర్షాక్షం మీది 120 డిగ్రీలది, ఆ శీర్షం ఉన్న రెండు ఘనాలనూ ఉంచి మిగతా మూడింటిని తిప్పుతుంది. అంచుల అక్షం మీది 180 డిగ్రీలది ఒక ఘనాన్ని ఉంచి మిగతా నాలుగింటిని రెండు జంటలుగా తారుమారు చేస్తుంది. అయిదు చక్రమూ, మూడు చక్రమూ, రెండు వినిమయాల లబ్ధమూ అన్నీ సరి ప్రస్తారాలే. 24 + 20 + 15 + 1 = 60; అయిదు వస్తువుల సరి ప్రస్తారాలు కూడా 120లో సగం, 60. మీరు అడిగిన తుల్యరూపత ఇదే. ఈ సమూహంలో సంయుగ్మ తరగతుల (సమూహంలోని భ్రమణాలతోనే ఒకదాన్నుంచి మరొకటి వచ్చే ఒకే రకపు భ్రమణాల గుంపుల) పరిమాణాలు 1, 12, 12, 15, 20. అభిలంబ ఉపసమూహం (పూర్తి తరగతులతోనే ఏర్పడే ఉపసమూహం) కావాలంటే 1తో పాటు మరికొన్ని తరగతులు కలిసి 60ని భాగించే సంఖ్య కావాలి. మొత్తం 60 తప్ప అలాంటిది రాదు, కూడి చూసుకోండి. అందుకే దీనిని సరళ సమూహం అంటారు. అయిదో తరగతి సాధారణ సమీకరణపు మూలాలను కూడిక, తీసివేత, గుణకారం, భాగహారంతోనూ, వర్గమూలం, ఘనమూలం వంటివాటితోనూ ఇచ్చే సూత్రం లేకపోవడానికి ఈ సరళ సమూహమే కారణం. క్లైన్ 1884లో వింశతిముఖి మీద, అయిదో తరగతి సమీకరణాల మీద కలిపి ఒకే గ్రంథం రాయడం అందువల్లే.

చివరిగా, పరీక్షల్లో తరచూ కనబడే ఒక పొరపాటు గురించి హెచ్చరిక. ద్వాదశముఖి మొత్తం సౌష్ఠవాలు 120, అయిదు వస్తువుల మొత్తం ప్రస్తారాలూ 120. కాబట్టి రెండూ తుల్యరూపాలని రాసేస్తుంటారు. కావు. కేంద్రం గుండా ప్రతి బిందువునూ ఎదుటి బిందువుకు పంపే విలోమనం ద్వాదశముఖికి ఒక సౌష్ఠవం. అది మిగతా ప్రతి సౌష్ఠవంతోనూ వినిమయ ధర్మాన్ని పాటిస్తుంది. అయిదు వస్తువుల ప్రస్తార సమూహంలో తత్సమం తప్ప అలాంటి మూలకం లేదు. ద్వాదశముఖి పూర్తి సమూహం సరి ప్రస్తారాల సమూహానికీ రెండు మూలకాల సమూహానికీ అనులోమ లబ్ధం. ఘనపు 48 కూడా అలాగే 24కూ 2కూ లబ్ధం. చతుర్ముఖికి మాత్రం విలోమనం సౌష్ఠవం కాదు. దాని 24 సౌష్ఠవాలూ నాలుగు శీర్షాల ప్రస్తారాలన్నింటినీ ఇస్తాయి. ఘనపు 24 భ్రమణాల సమూహమూ, చతుర్ముఖి 24 సౌష్ఠవాల సమూహమూ తుల్యరూపాలే అయినా, మొదటిదానిలో అన్నీ భ్రమణాలు, రెండోదానిలో పన్నెండే భ్రమణాలు. ఘనంలో ఒకటి విడిచి ఒకటిగా నాలుగు శీర్షాలు తీసుకుని చతుర్ముఖి గీసి, ఈ రెండు సమూహాలకూ ఉమ్మడిగా ఉన్న ఆ పన్నెండూ ఏవో పైన ఇచ్చిన అక్షాల లెక్కతో మీరే విడదీసి రాయండి. ముఖాక్షాల మీది 180 డిగ్రీల భ్రమణాలు అందులో ఉంటాయి, 90 డిగ్రీలవి ఉండవు.